ఎర్ర పెన్సిలు నుంచి ప్రమాణ స్వీకారం దాకా: హేగ్ నగరంలో రెండు యాత్రలు

2023 నవంబర్ 19, ఆదివారం

నేను హనుమకొండ నుంచి బయలుదేరే నాటికి మా వీధి నిండా ప్రచార రథాలు, మైకుల్లో పాటలు, కండువాలు వేసుకున్న గుంపులు. తెలంగాణ శాసనసభకు నవంబర్ 30న పోలింగ్. ఆ హోరులోంచి వచ్చి నెదర్లాండ్స్‌లోని స్కిపోల్ విమానాశ్రయంలో దిగి, రైలెక్కి హేగ్ చేరేదాకా, మరో మూడు రోజుల్లో పార్లమెంటు ఎన్నికలు జరగబోతున్న దేశంలో ఉన్నానన్న ఆనవాలు నాకు ఎక్కడా దొరకలేదు. చివరికి మా అమ్మాయి ఉండే వీధి మలుపులో కనిపించింది. నగరపాలక సంస్థ అక్కడ ఒక వెడల్పాటి బోర్డు నిలబెట్టింది. పార్టీల పోస్టర్లన్నీ దాని మీదే పక్కపక్కన అంటించి ఉన్నాయి. ఇళ్ల గోడల మీద ఒక్క రాత కూడా లేదు.

నేను సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. 1983 నుంచి దాదాపు ప్రతి ఎన్నికలోనూ పోలింగ్ విధులు చేశాను. సంచుల్లో బ్యాలెట్ కాగితాలు, సిరా సీసా, లక్క పట్టుకుని లారీలో పల్లెకు వెళ్లిన రోజులు, 2004 నుంచి యంత్రాల పెట్టెలు మోసుకెళ్లిన రోజులు రెండూ చూశాను. మా అమ్మాయికి డచ్ పౌరసత్వం వచ్చి ఏడాది అవుతోంది. అందుకోసం భారత పాస్‌పోర్టును అప్పగించింది. ఈ బుధవారం ఆమె తన జీవితంలో మొదటిసారి ఈ దేశ పార్లమెంటుకు ఓటు వేయబోతోంది. అది చూడాలని వచ్చాను. 28న తిరుగు ప్రయాణం, ఎందుకంటే 30న నా ఓటు నేను వేసుకోవాలి.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడు ఈ ఎన్నికలు ఎందుకు వచ్చాయో చెప్పాడు. 2010 నుంచి ప్రధానిగా ఉన్న మార్క్ రుట్టె నాలుగో మంత్రివర్గం జూలై 7న పడిపోయింది. అందులో రుట్టె సొంత పార్టీ వీవీడీతోపాటు డీ66, సీడీఏ, క్రిస్టెన్‌యూనీ, మొత్తం నాలుగు పార్టీలు ఉండేవి. ఆశ్రయం కోరి వచ్చినవారు తమ కుటుంబాలను ఎప్పుడు తెచ్చుకోవచ్చన్న విషయంలో అవి కుదురుకోలేకపోయాయి. మూడు రోజుల తర్వాత రుట్టె తాను రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు. అంటే పదమూడేళ్లలో మొదటిసారి ఆయన పేరు లేని ఎన్నిక ఇది.

నవంబర్ 20, సోమవారం

ఉదయం అమ్మాయితో కలిసి బిన్నెన్‌హాఫ్‌కు వెళ్లాను. పదమూడో శతాబ్దంలో హాలండ్ ప్రభువులు కట్టుకున్న కోట, తర్వాత శతాబ్దాల పాటు పాలనా కేంద్రం. 2021 నుంచి పెద్ద మరమ్మతులు నడుస్తున్నందున చుట్టూ కంచె వేశారు. హాఫ్‌వైవర్ చెరువు ఇవతలి గట్టున నిలబడి, నీటిలో క్రేన్ల నీడలు చూడటమే మిగిలింది. దిగువ సభను, అంటే వారు ‘ట్వేడే కామర్’ అని పిలిచే 150 మంది సభను, సెంట్రల్ రైల్వే స్టేషన్ దగ్గర ఒకప్పటి విదేశాంగ శాఖ భవనంలోకి తరలించారు.

చెరువుకు దగ్గరలోనే ప్లాట్స్ అనే కూడలిలో యోహాన్ డి విట్ విగ్రహం ఉంది. దాదాపు ఇరవై ఏళ్లు ఈ గణతంత్రాన్ని నడిపించిన ఆ మనిషినీ, అతని అన్న కార్నెలిస్‌నూ 1672లో ఇక్కడే, పాత చెరసాల ముందు, జనం గుంపు చంపేసింది. నాలుగు మాటలు మాట్లాడుకుని సర్దుకుపోవడమే తమ స్వభావమని చెప్పుకునే జాతి తన పాలనా కేంద్రం వీధుల్లో ఈ విగ్రహాన్ని కూడా నిలబెట్టుకుంది. ఆ సర్దుబాటు వీరికి పుట్టుకతో వచ్చింది కాదని, చాలా నష్టపోయి నేర్చుకున్నదని నాకు అక్కడ అనిపించింది.

వారి ఎన్నికల పద్ధతి కూడా అలాంటి ఒక సర్దుబాటు ఫలమే. మత పాఠశాలలకు ప్రభుత్వ నిధులు కావాలని ఒక పక్షం, పురుషులందరికీ ఓటు కావాలని మరో పక్షం పట్టుబట్టిన దశలో 1917లో రెండూ ఒకేసారి ఒప్పుకున్నారు; వాటితోపాటే నియోజకవర్గాలను పక్కనపెట్టి దామాషా పద్ధతి తెచ్చారు. మహిళలకు ఓటు హక్కు 1919లో వచ్చింది. ఆ పద్ధతిలో దేశమంతటా పోలైన చెల్లుబాటు ఓట్లను 150తో భాగిస్తే వచ్చే సంఖ్య ఒక సీటు ధర. నూటికి ఒక్క ఓటు కూడా అక్కరలేదు, 0.67 శాతం వస్తే ఒక సభ్యుడు లోపలికి వస్తాడు. అందువల్ల ఈ వందేళ్లలో ఏ ఒక్క పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. మన దగ్గర ‘హంగ్’ అని భయపడే స్థితే ఇక్కడ ప్రతిసారీ వచ్చే స్థితి.

బిన్నెన్‌హాఫ్ గేటు దగ్గర అమ్మాయి ఆగి ఒక ఫొటో సంగతి చెప్పింది. 2021 మార్చి 25న, ప్రభుత్వ ఏర్పాటు చర్చలు జరుపుతున్న కాయ్సా ఓలోన్‌గ్రెన్ తనకు కోవిడ్ సోకిందని తెలిసి హడావిడిగా బయటికి వస్తున్నప్పుడు, ఆమె చంకలోని కాగితాలను ఒక ఫొటోగ్రాఫర్ తీశాడు. ఆ కాగితం మీద ‘ఓమ్‌ట్‌జిఖ్ట్: వేరే చోట పదవి’ అన్న మాట చదవగలిగేలా ఉంది. పీటర్ ఓమ్‌ట్‌జిఖ్ట్ అప్పటికి అధికార కూటమిలోని సీడీఏ సభ్యుడే. కానీ పిల్లల సంరక్షణ భృతి విషయంలో పన్నుల శాఖ వేలాది తల్లిదండ్రులను, అందులో చాలామంది వలస మూలాలున్నవారిని, మోసగాళ్లుగా ముద్రవేసి అప్పుల్లోకి నెట్టిన సంగతిని పట్టువదలక బయటపెట్టినవారిలో ఆయన ఒకరు. అలాంటి మనిషిని పక్కకు తప్పించే ఆలోచన జరిగిందని ఆ ఫొటోతో దేశమంతా తెలిసింది. ఆ ఏడాది ప్రభుత్వం ఏర్పడటానికి 299 రోజులు పట్టింది. ఓమ్‌ట్‌జిఖ్ట్ పార్టీని వదిలి, ఈ ఆగస్టులో ‘కొత్త సామాజిక ఒప్పందం’ అనే అర్థం వచ్చే ఎన్ఎస్‌సీ పార్టీని పెట్టారు. పాలకులు పౌరుడిని నమ్మకపోతే పౌరుడు పాలకులను ఎందుకు నమ్మాలన్న ఆయన ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఉపాధ్యాయురాలిగా నేను కూడా రేషన్ కార్డు కోసం, పింఛను కోసం తిరిగి తిరిగి అలసిన తల్లులను చూశాను.

నవంబర్ 21, మంగళవారం

పగలంతా చినుకులు. సాయంత్రం నాలుగున్నర దాటగానే చీకటి. అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ‘స్టెమ్‌వైజర్’ నింపింది. ముప్పై వాక్యాలు ఒక్కొక్కటిగా వస్తాయి. ఒప్పుకుంటారా, ఒప్పుకోరా, మధ్యస్థమా అని అడుగుతుంది. చివరలో మన అభిప్రాయాలకు ఏ పార్టీ ఎంత దగ్గరో చూపిస్తుంది. 1989లో పాఠశాల పిల్లల కోసం కాగితం మీద మొదలైన ఈ ప్రశ్నావళిని ఇప్పుడు లక్షలమంది వాడుతున్నారు. పాఠం చెప్పిన మనిషిని కనుక నాకు దాని మీద మమకారం కలిగింది. పార్టీల కార్యక్రమాలను పక్కపక్కన పెట్టి చదివించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

రాత్రి టీవీలో చివరి చర్చ. ఇళ్ల కొరత, బతుకు ఖర్చు, ఆశ్రయార్థులు, రైతులను ఇబ్బంది పెడుతున్న నత్రజని నిబంధనలు మళ్లీ మళ్లీ వచ్చాయి. పీవీవీ నేత గీర్ట్ విల్డర్స్ మాట్లాడినప్పుడల్లా అల్లుడు కుర్చీలో ముందుకు జరిగేవాడు. మసీదులను, ఖురాన్‌ను నిషేధించాలని, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడంపై ప్రజాభిప్రాయం తీసుకోవాలని కోరే కార్యక్రమం ఆయనది. మతాన్ని బట్టి పౌరుల హక్కులు తగ్గించాలనే ఏ మాటనూ నేను సమర్థించలేను. అయితే ప్రచారం చివరలో ఆయన ఆ డిమాండ్లను ప్రస్తుతానికి పక్కన పెడతానంటూ స్వరం తగ్గించారు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 2012లో విల్డర్స్ మద్దతు ఉపసంహరించి రుట్టె మొదటి మంత్రివర్గాన్ని పడగొట్టాక వీవీడీ ఆయనకు తలుపు మూసింది. ఆ పార్టీ కొత్త నేత డిలాన్ యెసిల్‌గోజ్ ఈ వేసవిలో ఆ తలుపు గడియ తీశారు. ఆయనకు వేసిన ఓటు ఇక వృథా కాదన్న నమ్మకం ఓటరుకు అప్పుడే కలిగిందని ఇక్కడివారు చెబుతున్నారు.

నవంబర్ 22, బుధవారం

ఏడున్నరకు పోలింగ్ మొదలయ్యేటప్పటికి ఇంకా తెల్లవారలేదు. వీధి దీపాల వెలుగులో పనికి వెళ్లేవారు సైకిళ్లు ఆపి, ఓటు వేసి, మళ్లీ ఎక్కి వెళ్తున్నారు. మా పోలింగ్ కేంద్రం ఒక ప్రాథమిక పాఠశాల వ్యాయామశాల. ఇలాంటి కేంద్రాలు రైల్వే స్టేషన్లలోనూ, మ్యూజియాల్లోనూ, చర్చిల్లోనూ కూడా ఉన్నాయట. మన దగ్గరలా నిర్ణీత కేంద్రానికే వెళ్లాలన్న నియమం లేదు, తమ పురపాలక పరిధిలో ఎక్కడైనా వేయవచ్చు. పోలీసు లేడు, తాడు కట్టిన వరుసలు లేవు, వేలికి సిరా లేదు. నేను విదేశీయురాలినని చెప్పి, లోపల కాసేపు నిలబడవచ్చా అని అడిగాను. ఎవరికీ అడ్డు రాకుండా ఎంతసేపైనా చూడవచ్చని అక్కడి అధ్యక్షురాలు కుర్చీ కూడా వేశారు.

అమ్మాయి పోస్టులో వచ్చిన ఓటరు పత్రం, గుర్తింపు కార్డు ఇచ్చింది. అందుకు బదులుగా వారు ఇచ్చిన బ్యాలెట్ కాగితాన్ని చూసి ఆశ్చర్యపోయాను. విప్పితే బల్ల నిండా పరుచుకునే పొడవు, వెడల్పు. ఈసారి పోటీలో 26 పార్టీలు ఉన్నాయి. ఒక్కొక్క పార్టీ నిలువు వరుసలో దాని అభ్యర్థుల పేర్లన్నీ ఉన్నాయి. గుర్తులు లేవు, ఫొటోలు లేవు. ఎంచుకున్న ఒక్క పేరు పక్కనున్న చిన్న వృత్తాన్ని ఎర్ర పెన్సిలుతో నింపాలి. పార్టీ జాబితాలో కింద ఉన్న అభ్యర్థికి కూడా సీటు ధరలో పావు వంతు ఓట్లు సొంతంగా వస్తే ఆయన పైవారిని దాటి సభలోకి రావచ్చు. అందుకే చాలామంది మహిళలు, పార్టీ ఏదైనా, ఆ జాబితాలో మొదటి మహిళకు వేస్తారట. అమ్మాయి తెర వెనక చాలాసేపే ఉంది. బయటికి వచ్చి ఆ పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి, చక్రాలున్న ఎత్తైన పెట్టె గాడిలోకి తోసింది. నా వైపు చూసి, “అయిపోయిందమ్మా” అంది. ఎవరికి వేశావని నేను అడగలేదు. ఇన్నేళ్లు ఇతరుల ఓటు రహస్యాన్ని కాపాడిన నేను నా బిడ్డ రహస్యాన్ని అడగడం ధర్మం కాదు.

ఒక పెద్దాయన మూడు ఓట్లు వేయడం చూసి మొదట ఉలిక్కిపడ్డాను. తనది కాక మరో ఇద్దరి తరఫున, వారు సంతకం చేసిచ్చిన పత్రాలతో వేయవచ్చని అధ్యక్షురాలు వివరించారు. సైనికుల వంటి కొద్దిమందికి తప్ప మన దేశంలో ఈ వీలు లేదు. ఇంట్లోవారి ఒత్తిడితో ఆడవాళ్ల ఓటు మరొకరి చేతికి పోయే ప్రమాదం ఉన్నందున, మన పల్లెలకు ఇది సరిపడదని నా గట్టి అభిప్రాయం.

యంత్రం ఎందుకు లేదని నేను అడగబోయేలోపే అల్లుడు ఆ కథ ఎత్తాడు. ఈ దేశంలో చాలా ఏళ్లు యంత్రాలతోనే ఓటు వేసేవారు. 2006లో రోప్ గొంగ్రైప్ అనే కంప్యూటర్ నిపుణుడు, అతని బృందం ఆ యంత్రాలను లోబరచుకోవచ్చని టీవీలో చూపించారు. ప్రభుత్వం వాటిని వదిలి కాగితానికీ పెన్సిలుకూ తిరిగి వచ్చింది. అదే గొంగ్రైప్ 2010లో హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్‌తో, అమెరికా ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్‌తో కలిసి మన ఈవీఎం మీద కూడా పరిశోధన చేశారు. ఎన్నికల సంఘం వారి వాదనను ఒప్పుకోలేదు, హరిప్రసాద్ అరెస్టు కూడా అయ్యారు. కానీ ఓటరు కంటికి కనిపించే కాగితం ఉండాలన్న ఆలోచన తర్వాత వీవీప్యాట్ రూపంలో మన బూతుల్లోకి వచ్చింది.

రాత్రి తొమ్మిదికి తలుపు మూయకుండానే లెక్కింపు మొదలైంది. ఎన్నో చోట్ల నేను రాత్రివేళ పెట్టెలకు సీలు వేసి, పోలీసుల కాపలాతో లారీలో తీసుకెళ్లి అప్పగించి వచ్చాను గానీ, అదే హాలులో, అదే చేతులు, దారిన పోయేవారు కూడా చూస్తుండగా, ఓట్లు విప్పి లెక్కించడం ఎన్నడూ చూడలేదు. పెట్టెను బల్లల మీద బోర్లించారు. ఆ పెద్ద కాగితాలను ఒక్కొక్కటి విప్పి పార్టీలవారీగా కుప్పలు పోస్తున్నారు. మాటలు తక్కువ, కాగితాల చప్పుడే ఎక్కువ. సందేహం వచ్చిన కాగితాన్ని ఎత్తి అందరికీ చూపించి నిర్ణయిస్తున్నారు. ఒక కుప్ప మిగతావాటి కంటే త్వరగా పెరుగుతుండటం నాకూ కనిపించింది. అప్పటికే అల్లుడు ఫోన్‌లో ఎగ్జిట్ పోల్ చూసి, మాట పెగలక, తెర నా వైపు తిప్పాడు. పీవీవీ 35.

నవంబర్ 23, గురువారం

తెల్లారేసరికి అది 37 అయింది. వామపక్షాలైన గ్రూన్‌లింక్స్, పీవీడీఏ ఉమ్మడి జాబితాకు 25, వీవీడీకి 24, ఎన్ఎస్‌సీకి 20, డీ66కు 9, రైతుల పార్టీ బీబీబీకి 7. మిగిలిన 28 సీట్లను మరో తొమ్మిది పార్టీలు పంచుకున్నాయి. మొత్తం పదిహేను పార్టీలు సభలోకి వచ్చాయి. ఓటు వేసినవారు నూటికి 77 మందికి పైనే. గెలిచిన పార్టీకి వచ్చింది 23.5 శాతం, అంటే నలుగురిలో ముగ్గురు ఆ పార్టీకి వేయలేదు. కానీ మెజారిటీకి కావాల్సిన 76 చేరాలంటే దానిని తప్పించి లెక్క కట్టడం కూడా చాలా కష్టం. అమ్మాయి, నేను కలిసి కాగితం మీద కూడి చూశాం. విల్డర్స్, యెసిల్‌గోజ్, ఓమ్‌ట్‌జిఖ్ట్, బీబీబీ నేత కారొలైన్ వాన్ డెర్ ప్లాస్ కలిస్తే 88. ఆ లెక్క పైకి సులువుగా కనిపిస్తుంది. కానీ ఆ 88లో ఉన్న 20 సీట్ల మనిషి రాజ్యాంగ హక్కులకు విరుద్ధమైన కార్యక్రమంతో కూర్చోలేనని ప్రచారంలోనే చెప్పారు.

మధ్యాహ్నం ఎదురింటి పెద్దావిడ కాఫీకి పిలిచారు. తాను పీవీవీకి వేశానని దాచకుండా చెప్పారు. ఆమె మనవడు అద్దె ఇంటి కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్లు గడిచినా ఇల్లు దొరకలేదట. కొత్తగా వచ్చినవారికి ముందుగా ఇస్తున్నారని ఆమె కోపం. “మరి మా గురించి కూడానా?” అని అమ్మాయి అడిగింది. ఆవిడ కంగారుపడి, “నువ్వు కాదమ్మా, నువ్వు మా దానివి” అంటూ అమ్మాయి చేయి పట్టుకున్నారు. ఆ చేయి పట్టుకోవడంలో అబద్ధం లేదు. ఆ ఓటులోనూ లేదు. ఈ రెంటినీ ఒకే మనిషిలో చూశాక నాకు చాలాసేపు మాట రాలేదు.

నవంబర్ 24, శుక్రవారం

ఈరోజు నుంచి ఎన్నిక రెండో భాగం మొదలైంది. గెలిచినవారు గవర్నరు దగ్గరికి వెళ్లి లేఖ ఇవ్వడం వంటిది ఇక్కడ లేదు. 2012 వరకు రాజు లేదా రాణి మధ్యవర్తిని నియమించేవారు. ఆ ఏడాది నుంచి ఆ పని దిగువ సభే తీసుకుంది. మొదట ‘వెర్కెన్నర్’ అనే వ్యక్తి అన్ని పార్టీల నేతలతో విడివిడిగా మాట్లాడి ఏ పొత్తుకు వీలుందో చూస్తాడు. తర్వాత ‘ఇన్ఫర్మాతూర్’ చర్చలు నడిపి ఒప్పందం రాయిస్తాడు. ఒప్పందం కుదిరాక ‘ఫార్మాతూర్’ మంత్రులను ఎంపిక చేస్తాడు. సాధారణంగా కాబోయే ప్రధానే ఆ మనిషి. మన పల్లెల్లో అన్నదమ్ముల పంపకాలకు ఇరువైపులా నమ్మకమున్న పెద్దమనిషిని కూర్చోబెట్టినట్లే ఇది. తేడా ఏమిటంటే ఈ పెద్దమనిషి చివరికి సభకు రాతపూర్వక నివేదిక ఇచ్చి, సభ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

పార్టీల నేతలు సమావేశమై, పీవీవీకి చెందిన ఎగువ సభ సభ్యుడు గోమ్ వాన్ స్ట్రీన్‌ను వెర్కెన్నర్‌గా తీసుకున్నారు. పది సీట్లు పోగొట్టుకున్న వీవీడీ మంత్రివర్గంలో చేరబోదని, అవసరమైతే బయటి నుంచి మద్దతు ఆలోచిస్తుందని యెసిల్‌గోజ్ అదేరోజు ప్రకటించారు.

నవంబర్ 27, సోమవారం

శని, ఆదివారాలు ఇంట్లోనే గడిచాయి. ఈ ఉదయం పెట్టె సర్దుతుండగా వార్త వచ్చింది. వాన్ స్ట్రీన్ పని మొదలుపెట్టకముందే తప్పుకున్నారు. గతంలో పనిచేసిన చోట మోసం జరిగిందన్న ఆరోపణల్లో ఆయన పేరు పత్రికల్లో వచ్చింది. ఆరోపణలను ఆయన తోసిపుచ్చారు, కానీ ఆ వివాదంతో ఈ పని చేయడం కుదరదన్నారు. రెండు పక్షాల నమ్మకమే పెట్టుబడిగా చేసే పనికి చిన్న మచ్చ కూడా ఎలా అడ్డమవుతుందో అర్థమైంది. మర్నాడు నేను విమానం ఎక్కే వేళకు రోనాల్డ్ ప్లాస్టెర్క్ అనే మాజీ మంత్రి ఆ స్థానంలోకి వచ్చారు.

నేను 30న హనుమకొండలో ఓటు వేశాను. డిసెంబర్ 3న లెక్కింపు, 119లో 64 సీట్లతో కాంగ్రెస్ గెలుపు, 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం. పోలింగ్ నుంచి ప్రభుత్వం దాకా వారం రోజులు. హేగ్‌లో మాత్రం నలుగురు నేతలు ఇంకా ఒక గదిలో కూర్చోవడం మొదలుపెట్టలేదు. శీతాకాలమంతా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా నేను మొదట అడిగేది అదే అయింది. రాజ్యాంగాన్ని గౌరవిస్తామన్న ఒక ఉమ్మడి ప్రాతిపదిక కుదిరాకే డబ్బు మాటలు మాట్లాడాలని వారు నిర్ణయించుకున్నారు. ఫిబ్రవరి 6న, ఖజానా పరిస్థితి గురించి తనకు అందాల్సిన సమాచారం సకాలంలో అందలేదంటూ ఓమ్‌ట్‌జిఖ్ట్ చర్చల నుంచి లేచిపోయారు. అప్పుడు సామాజిక ఆర్థిక మండలి అధ్యక్షుడు కిమ్ పుట్టర్స్ వచ్చి, నలుగురు నేతలూ మంత్రివర్గం బయటే, సభలోనే ఉండాలన్న మధ్యేమార్గం చూపారు. మార్చి 13న విల్డర్స్ ప్రధాని పదవి ఆశ వదులుకున్నట్లు ప్రకటించారు. మే 16న ‘ఆశ, ధైర్యం, గర్వం’ అన్న అర్థం వచ్చే పేరుతో 26 పుటల ఒప్పందం వెలువడింది. మాజీ గూఢచార విభాగాధిపతి, ఏ పార్టీలోనూ లేని డిక్ స్కోఫ్‌ను ప్రధానిగా ఎంచుకున్నారు. ఎన్నికల్లో ఎవరూ ఆయనకు ఓటు వేయలేదు, ఆయన ఓటు అడగనూ లేదు.

2024 జూలై 2, మంగళవారం

రెండోసారి హేగ్‌కు వచ్చి రెండు రోజులైంది. ఈ మధ్యలో మన దేశంలో ఏడు దశల పోలింగ్ ముగిసి, జూన్ 4న ఫలితాలు వచ్చి, ఏ పార్టీకీ సొంత మెజారిటీ లేకపోయినా, తెలుగుదేశం 16 మంది సభ్యుల మద్దతు కూడా తోడై, 9నే కేంద్రంలో ప్రభుత్వం ప్రమాణం చేసింది. ఇక్కడ ఎన్నిక జరిగి ఈ రోజుకు 223 రోజులు.

రాజు విలెమ్ అలెగ్జాండర్ నివాసమైన హౌస్ టెన్ బోష్ రాజభవనం హేగ్ అడవి అంచున ఉంది. కోటలాంటి ఆర్భాటం లేదు. చెట్ల మధ్య ఒక పెద్ద ఇల్లు. మేము ఆ అడవి దారిలో కొంతదూరం నడిచి, ప్రమాణం మాత్రం ఇంటికి తిరిగి వచ్చి టీవీలో చూశాం. దేవుడి పేరుతోనో, ఆత్మసాక్షిగానో ఒక్కొక్కరూ ఒక చిన్న వాక్యం చెప్పడం, ఆ తర్వాత రాజుతో కలిసి మెట్ల మీద వరుసగా నిలబడి ఫొటో తీయించుకోవడం, అంతే. దాదాపు పదమూడేళ్ల తొమ్మిది నెలల రుట్టె పాలన ముగిసింది.

ఆ 26 పుటలను అమ్మాయి నాకు తెలుగులో చెప్పుకుంటూ చదివింది. మన దగ్గర 1996లో, 2004లో కనీస ఉమ్మడి కార్యక్రమాలు రాసుకున్నారు, కానీ ప్రభుత్వం నిలబడే వేళకు అది రాస్తూనే ఉండేవారు. వీరు రాశాకే నిలబడతారు. ఆశ్రయ చట్టాలు, సొంతంగా వైద్యానికి కట్టే మొత్తం తగ్గింపు, అణు విద్యుత్ కేంద్రాలు, మోటారు మార్గాల్లో వేగ పరిమితి దాకా అన్నీ ఉన్నాయి. ఇంత జాగ్రత్తగా రాసుకున్నవారు నాలుగేళ్లు కలిసి ఉంటారనే నేను అనుకున్నాను. అమ్మాయి ఒప్పుకోలేదు. “నలుగురూ ఒకరినొకరు నమ్మడం లేదమ్మా, అందుకే అంత రాసుకున్నారు” అంది.

జూలై 3, బుధవారం

దిగువ సభ సందర్శకుల గ్యాలరీకి గుర్తింపు పత్రం చూపించి, సంచి తనిఖీ చేయించుకుని వెళ్లాం. తాత్కాలిక భవనం కావడంతో సభ చిన్నదిగా ఉంది. పైనుంచి చూస్తే సభ్యుల బల్లల మీద కాగితాలు కూడా కనిపించేంత దగ్గర. కొత్త ప్రధాని ప్రభుత్వ ప్రకటన మీద చర్చ. సభ్యులు అధ్యక్షుడిని సంబోధించి మాట్లాడతారు, ఎవరైనా మధ్యలో మైకు దగ్గరికి నడిచివచ్చి ప్రశ్న వేయవచ్చు, మాట్లాడేవారు జవాబు ఇవ్వాలి. సభా మధ్యంలోకి దూసుకెళ్లడం లేదు, కాగితాలు చింపడం లేదు. కానీ మాటల్లో పదును తక్కువేమీ కాదు. కొందరు పీవీవీ మంత్రులు గతంలో వలసదారుల గురించి అన్న మాటలను ప్రతిపక్షం ఒక్కొక్కటిగా చదివి, వీటికి మీరు బాధ్యత వహిస్తారా అని ప్రధానిని నిలదీసింది. స్కోఫ్ తడబడుతూ, ఇక ముందు అలా జరగదన్న ధోరణిలో జవాబు ఇచ్చారు. ఆయన మాట్లాడుతుండగానే, తన మంత్రులను సరిగా సమర్థించలేదని, జవాబు బలహీనంగా ఉందని విల్డర్స్ సభలో కూర్చునే ఎక్స్‌లో రాశారు. నా పక్కనున్న కుర్రాడు ఆ ఫోన్ తెర మాకు చూపించాడు. ప్రమాణం చేసి ఒక్క రోజే అయింది. కింద ప్రధాని నీళ్లు తాగుతున్నారు. ఆయనను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి ఎదురుగా తల వంచి ఫోన్‌లో రాస్తున్నాడు. అమ్మాయి చెప్పిన మాట అప్పుడు నాకు బోధపడింది.

2025 నవంబర్ 4, హనుమకొండ

యాత్ర రాతలు ఇక్కడే ముగించాల్సింది గానీ, ఒక పుట కలపాలనిపించింది. ఆ మంత్రివర్గం 2025 జూన్ 3న, 336వ రోజున, మళ్లీ ఆశ్రయ విధానం మీదే విరిగిపోయింది. బయటికి వెళ్లింది పీవీవీ. అక్టోబర్ 29న కొత్త ఎన్నికలు జరిగి, డీ66, పీవీవీ చెరి 26 సీట్లు తెచ్చుకున్నాయి. ఓమ్‌ట్‌జిఖ్ట్ ఏప్రిల్‌లోనే రాజకీయాలు వదిలేశారు. ఆయన పెట్టిన పార్టీ 20 నుంచి సున్నాకు వచ్చింది. ఆ ఫొటో కథ విన్న గేటు దగ్గర నాకు కలిగిన గౌరవం మాత్రం తగ్గలేదు.

ఈసారి అమ్మాయి వీడియో కాల్‌లో తన ఓటరు పత్రం నాకు చూపించి పోలింగ్‌కు వెళ్లింది. ఈ రోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. డీ66 సూచించిన వౌటర్ కూల్మెస్ అనే మాజీ మంత్రి వెర్కెన్నర్‌గా పని మొదలుపెట్టబోతున్నారట.